తెడ్డు నేర్పే పాఠం

వేసవి సెలవులు వచ్చాయంటే విద్యార్థి మనస్సు ఊరి పొలిమేరలు దాటి పరుగులు తీస్తుంది. పరీక్షల భారం దిగిపోయిన ఆ దినాలలో కొత్త ప్రదేశాలు చూడాలని, కొత్త అనుభవాలు పొందాలని కోరుకోవడం యౌవన సహజం. ఆ కోరికను పెద్దలు కాదనవలసిన పని లేదు. అయితే మన విహారయాత్రలను పరిశీలిస్తే, అవి చాలావరకు చూసి వచ్చే యాత్రలే గాని నేర్చుకొని వచ్చే యాత్రలు కావని తెలుస్తుంది. బస్సు కిటికీలోంచి కొండను చూస్తాం. రేవు మెట్ల మీద నిలబడి నదిని చూస్తాం. నాలుగు ఫోటోలు తీసుకొని తిరిగి వస్తాం. నదీతీరాన పుట్టి పెరిగినా నది స్వభావం ఎరుగని వారు మనలో ఎందరో ఉన్నారు. ఈ లోటును తీర్చగల సాహసక్రీడ కయాకింగ్ అని నా అభిప్రాయం.

కయాక్ అనేది ఒకరు లేక ఇద్దరు కూర్చొని నడిపే సన్నని తేలికైన పడవ. దాని తెడ్డుకు రెండు కొసలలోనూ పలకలు ఉంటాయి. ఒకసారి కుడివైపు, మరొకసారి ఎడమవైపు నీటిని వెనుకకు తోస్తూ ముందుకు సాగాలి. ఉత్తర ధ్రువ ప్రాంతాలలో నివసించే ఇన్యూట్ ప్రజలు వేల సంవత్సరాల క్రితమే ఇటువంటి పడవలను నిర్మించుకున్నారు. చెట్లు పెరగని ఆ మంచుసీమలో సముద్రం ఒడ్డుకు చేర్చిన కొయ్యతోను, జంతువుల ఎముకలతోను చట్రం కట్టి, దానిపై సీల్ చర్మాన్ని బిగించి కుట్టేవారు. వేటగాని శరీరపు కొలతలకు సరిపోయేట్లు పడవను తయారు చేసేవారు. అది వారికి వినోదం కాదు, జీవనాధారం. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లాండు న్యాయవాది ఇటువంటి చిన్న పడవలో ఒంటరిగా ఐరోపా నదులపై పర్యటించి గ్రంథం రాశాక, ఇది పాశ్చాత్యులలో విహారక్రీడగా వ్యాప్తి చెందింది. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో దీనికి పతకపోటీగా స్థానం లభించింది.

పేరు కొత్తదైనా ఈ విద్య మనకు పూర్తిగా పరాయిది కాదు. కొల్లేటి ప్రాంతపు జాలరులు తాటిమొద్దును తొలిచి చేసుకున్న దోనెలో ఒంటరిగా కూర్చొని, ఒడుపుగా దానిని నడుపుతూ చేపలు పట్టేవారు. ఏమాత్రం అదుపు తప్పినా ఒరిగిపోయే ఆ దోనెను నిలకడగా నడపడం వారికి తరతరాలుగా అబ్బిన నేర్పు. ఇన్యూట్ వేటగానికీ కొల్లేటి జాలరికీ నీరు ఒకే పాఠం చెప్పింది. తొందరపడితే పడవ తిరగబడుతుంది, భయపడి బిగుసుకుపోయినా తిరగబడుతుంది.

ఈ పాఠాన్ని అభ్యసించదలచిన విద్యార్థులకు మన దేశంలోనే మనోహరమైన జలసీమలు ఉన్నాయి. తొలి అడుగుకు కేరళలోని అలప్పుళ అనువైనది. వెంబనాడు సరస్సు, దానిని అల్లుకొని ఉన్న కాలువలు నిదానమైన నీటితో కొత్తవారిని ఆదరిస్తాయి. సముద్రమట్టం కంటె దిగువన వరి పండించే కుట్టనాడు ప్రాంతం ఇక్కడిదే. పెద్ద పెద్ద ఇంటిపడవలు ప్రవేశించలేని ఇరుకు కాలువలలోకి కయాక్ చప్పుడు లేకుండా వెళ్లగలదు. ఒకవైపు కొబ్బరిచెట్ల నీడ, మరొకవైపు గట్టు దిగువన పరచుకున్న పొలాలు, ఇంటి ముంగిటి మెట్ల మీద అంట్లు తోముకుంటున్న గృహిణులు, వీటన్నిటినీ నీటిమట్టం నుంచి చూడడం ఒక అపూర్వానుభవం. ఎండ ముదరక ముందే, తెల్లవారుజామున బయలుదేరి రావాలి. జూన్ ఆరంభంలో నైరుతి ఋతుపవనాలు కేరళను తాకుతాయి కనుక ఆలోగానే యాత్ర ముగించుకోవడం వివేకం.

తమిళనాడులో చిదంబరానికి సమీపాన ఉన్న పిచ్చావరం మడ అడవులు రెండవ మెట్టు. అక్కడ చెట్లు ఉప్పునీటిలో నిలిచి ఉంటాయి. వాటి వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకు వస్తాయి. కొమ్మలు రెండు వైపుల నుంచి కలిసి పచ్చని సొరంగాలుగా మారిన కాలువలలో పడవ సాగుతుంటే, నీటి మీద పడే తెడ్డు చప్పుడు, పక్షుల కూతలు తప్ప వేరే ధ్వని వినిపించదు. సముద్రపు పోటుపాటులను బట్టి నీరు పెరిగి తగ్గుతుంది కనుక స్థానికులైన మార్గదర్శకుల వెంటనే వెళ్లాలి. ఈ అడవి అందమైనదే కాదు, ఉపకారి కూడా. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినపుడు, ఆ తీరంలో మడచెట్ల వెనుక ఉన్న పల్లెలకు నష్టం తక్కువగా జరిగిందని పరిశోధకులు గమనించారు. అటువంటి అడవే కాకినాడ సమీపాన, గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగలో మనకూ ఉంది. పిచ్చావరంలో తెడ్డు వేసి వచ్చిన విద్యార్థి కోరింగ మడచెట్టును వంటచెరకుగా మాత్రం చూడలేడు.

మూడవ మెట్టు హిమాలయ పాదాన గల ఋషీకేశం. దేవప్రయాగ వద్ద అలకనంద, భాగీరథులు సంగమించి గంగగా మారిన నది, కొండల నడుమ నురగలు కక్కుతూ ఇక్కడికి దిగి వస్తుంది. కౌడియాల నుంచి శివపురి మీదుగా ఋషీకేశం వరకు వేగప్రవాహాలు వరుసగా ఎదురవుతాయి. ఇటువంటి ప్రవాహాలను వాటి తీవ్రతను బట్టి ఒకటి మొదలు ఆరు తరగతులుగా విభజిస్తారు. మే నెల ఎండలలో సైతం మంచు కరిగి వచ్చిన ఆ నీరు ఒళ్లు జిల్లుమనిపిస్తుంది. తిరగబడిన పడవలోనే ఉండి, తెడ్డు ఊతతో దానిని మళ్లీ నిలబెట్టుకోవడం ఎరిగినవారే అక్కడ కయాక్ ఎక్కాలి. తక్కినవారు అనుభవజ్ఞుల వెంట రబ్బరు తెప్పలో ప్రయాణించి ఆనందించడం మేలు. వర్షాకాలంలో అక్కడ ఈ క్రీడలను నిలిపివేస్తారు. నది కాదన్నపుడు ఆగిపోవడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇక్కడ ఒక విషాదాన్ని స్మరించక తప్పదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వారు ఏ సాహసమూ చేయలేదు. నదిలోని రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుంచి విడుదలైన నీరు క్షణాలలో వారిని చుట్టుముట్టింది. 2019 సెప్టెంబరులో పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోగా అనేక కుటుంబాలు తమవారిని కోల్పోయాయి. ఏటా వేసవిలో చెరువులలోను, కాలువలలోను, క్వారీ గుంతలలోను ఈతకు దిగి మరణించిన పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఈ దుర్ఘటనలను చూసి, పిల్లలను నీటి దరిదాపులకే పోనీయరాదని తల్లిదండ్రులు భావిస్తారు. ఆ భయంలో ప్రేమ ఉంది. దానిని తేలిక చేయరాదు. కాని నిషేధం ఒక్కటే రక్షణ కాజాలదు. ఇంట్లో చెప్పకుండా స్నేహితులతో చెరువుకు వెళ్లే బాలుని ఏ నిషేధమూ ఆపలేకపోతోంది. ఆ బాలునికి ఈత వచ్చి ఉంటే, నీటి లోతును, సుడిని, ఊబిని గుర్తించడం ఎవరైనా నేర్పి ఉంటే, తన శక్తి ఎంతవరకో అతనికి తెలిసి ఉండేది. ఎగువన ఆనకట్ట ఉన్న నదిలో, ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు హఠాత్తుగా పెరగవచ్చునన్న సంగతి ప్రతి విద్యార్థికీ తెలియాలి. మనలను ముంచుతున్నది నీరు కాదు, నీటిని గురించిన మన అజ్ఞానం.

సాహసానికీ దుస్సాహసానికీ నడుమ గీత సన్ననిదే అయినా స్పష్టమైనది. ఈత నేర్చుకున్నాకనే పడవ ఎక్కడం, లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకొని ఒడ్డు చేరే వరకు విప్పకపోవడం, తలకు హెల్మెట్ ధరించడం, ఒంటరిగా పోకుండా శిక్షకుని మాట వినడం, వాతావరణాన్ని, ఎగువ నీటి విడుదలను ముందుగా విచారించడం, ఇవన్నీ సాహసి లక్షణాలు. వీటిని పిరికితనమని పరిహసించేవాడు దుస్సాహసి. ఫోటో కోసం జాకెట్ విప్పే మిత్రుని వారించడానికి కూడా ధైర్యం కావాలి.

ఇది ధనికుల వినోదం కదా అని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. పడవలకు, శిక్షణకు, దూరప్రయాణాలకు ఖర్చు తప్పదు. అయితే ఒక యువతి ఉదాహరణ చూడండి. గ్వాలియర్‌కు చెందిన ప్రాచీ యాదవ్ కాళ్లు చచ్చుబడిన స్థితిలోనూ ఈతతో ఆరంభించి, భోపాల్ సరస్సులో తెడ్డు పట్టడం అభ్యసించింది. 2021లో టోక్యోలో జరిగిన పారాలింపిక్స్‌లో ఈ క్రీడాశాఖలో మన దేశానికి ప్రాతినిధ్యం వహించిన తొలి వ్యక్తి ఆమెయే. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో కయాక్ పోటీలో స్వర్ణపతకం సాధించింది. ఒక నగరపు సరస్సును శిక్షణశాలగా మార్చడం వల్ల ఇది సాధ్యమైంది. కృష్ణా గోదావరులు, వందలాది చెరువులు ఉన్న తెలుగునాట అటువంటి శిక్షణశాలలను మరిన్ని నెలకొల్పడం అసాధ్యం కాదు. కళాశాలలు ఏటా చేసే విహారయాత్రల వ్యయంలో కొంత భాగాన్ని ఈత శిక్షణకు వెచ్చించినా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

కయాక్‌లో కూర్చున్నవానికి నీటికీ తనకూ మధ్య దూరం జానెడే. నీటి చల్లదనం, వేగం, వాసన అన్నీ అతనికి స్వయంగా తెలుస్తాయి. ఊరి మురుగు కలిసిన చోట నీటి రంగు మారడాన్ని, తేలివచ్చిన ప్లాస్టిక్ సంచి తెడ్డుకు చుట్టుకోవడాన్ని అతడు మరచిపోలేడు. వంతెన మీద నుంచి నాణెం విసిరి నమస్కరించే భక్తి మనకు ఉంది. నదిని శుభ్రంగా ఉంచే బాధ్యత మాత్రం మనకు ఇంకా అలవడలేదు. ఆ బాధ్యత నదికి దగ్గరైనపుడే కలుగుతుంది.

కనుక విద్యార్థులారా, రాబోయే వేసవికి అలప్పుళను గాని, పిచ్చావరాన్ని గాని, గంగాతీరాన్ని గాని కలలు కనండి. అంతకు ముందు మీ ఊరిలోనో, సమీప పట్టణంలోనో పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్చుకోండి. పడవ ఎక్కిన నాడు తెడ్డును గట్టిగాను, మనస్సును నిబ్బరంగాను పట్టుకోండి. యాత్ర ముగించుకొని ఇంటికి చేరిన రోజున మీ అమ్మకు చూపవలసినవి ఫోటోలు ఒక్కటే కాదు. క్షేమంగా తిరిగి వచ్చిన మీ ముఖాన్ని, నీటిని ఎరిగిన మీ నడతను చూసి, మరుసటి వేసవికి ఆమె మీ తమ్ముణ్ణో చెల్లెలినో నిర్భయంగా మీ వెంట పంపాలి.