హస్తకార్తెలో అలల పలక

పోయిన నెల ఈ పుటలో ఇత్తడి సామాను తోమడం గురించి ముచ్చటించుకున్నాం. ఈ నెల మా మంచం కింద దూరిన ఒక కొత్త సామాను సంగతి. ఆరడుగులపై చిల్లర పొడుగు, కోసు ముక్కు, తోక అడుగున మూడు రెక్కలు. దాన్ని సర్ఫింగ్ బోర్డు అంటారు. మా ఆవిడ "పలక" అంటుంది. నేనూ అంతే.

చెన్నపట్నానికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కోవళం ఉంది. కేరళ కోవళం కాదు సుమా. అక్కడి బెస్తవారిలో పుట్టిన మూర్తి మేఘవన్ 2012లో పిల్లలకు అలలమీద నిలబడడం నేర్పే బడి పెట్టాడు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో ఆసియా పోటీలు జరిగి, రమేశ్ బుదిహాల్ కంచు పతకం గెలిచేసరికి, కాలేజీలో చదివే మా చిరంజీవికి నిద్ర పట్టలేదు. నా జీతంలో సగం పోసి, ఒకరు వాడి వదిలేసిన పలక కొన్నాం. ఆ సగం జీతం గురించి నేను ఇంట్లో ఎన్నిసార్లు సణిగానో లెక్కలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

ఈ ఆటకూ కార్తెలున్నాయి. ఎండాకాలం నుంచి భాద్రపదం దాకా దక్షిణ సముద్రంలో పుట్టిన అలలు వరుసగా వస్తాయి. పొద్దున్నే నేలగాలి వీస్తుంటే అల అద్దంలా లేస్తుంది. మధ్యాహ్నానికి కడలిగాలి తిరిగి, నీళ్ళన్నీ కలగాపులగమవుతాయి. హస్త, చిత్త వచ్చాయంటే ఈశాన్యపు గాలి దగ్గరపడుతుంది. ఇన్నాళ్ళూ ఉత్తరానికి లాగిన నీరు దక్షిణానికి లాగడం మొదలుపెడుతుంది. వాన పడితే వాగుల మురుగంతా సముద్రంలోకే. అలాంటప్పుడు రెండు రోజులు నీళ్ళలో దిగకపోవడం మంచిది.

హస్తకార్తెలో ఒక ఆదివారం మావాడు ఆలస్యంగా బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళి ఇసుకలో కూర్చుని పేపరు చదువుతున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే పలక ఒడ్డుకు వచ్చింది. దాని వెనక మావాడు లేడు.

చీలమండకూ పలకకూ మధ్య ఒక ప్లాస్టిక్ తాడుంటుంది. అది తెగింది. అక్కడ వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన నా మొహం చూసి, ఇంకొకరిని పిలిచి, ఫైబరు పడవ నీళ్ళలోకి తోశాడు. వాణ్ణి పడవలో ఎక్కించుకొచ్చేసరికి ఎంతసేపయిందో నాకు తెలియదు. నా చేతిలో పేపరు ముద్దయింది.

ఆ పెద్దాయన తాడు తీసి చూసి అరవంలో అన్నాడు: "ఇది ఇవాళ తెగింది కాదు సార్. గాటు పాతది." తన తండ్రి కట్టుమరం మీద వెళ్ళేవాడట. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలు విడదీసి ఆరబెట్టేవాడట. నీరు తాగిన దుంగ బరువెక్కి అలమీద లేవదని చెప్పాడు.

బస్సులో మావాడు నోరు విప్పాడు. "గాటు నెల్లాళ్ళ కిందే చూశాను నాన్నా. మళ్ళీ డబ్బంటే మీరు..." అని ఆగిపోయాడు. నేనేమీ అనలేకపోయాను.

మరునాడు మేమిద్దరం దాన్ని బాగుచేయ కూర్చున్నాం. పలక లోపల నురుగుదిమ్మ, పైన గాజునార, లక్కలాంటి రెజిన్. పైపొర చిట్లితే నురుగు ఉప్పునీరు పీలుస్తుంది. చిట్లిన చోట పూర్తిగా ఆరిన తరువాతే రెజిన్ పూయాలి. తడిమీద పూస్తే నీటిని లోపల బంధించినట్లే. ఆటయ్యాక మంచినీళ్ళతో కడగాలి. నీళ్ళ లారీకోసం బిందెలు వరసపెట్టే వీధిలో ఇది సుఖమైన పని కాదు గాని, సగం బకెట్టు చాలు. ఆరబెట్టడం నీడలోనే. మేడమీద ఎండలోనో తలుపులు మూసిన కారులోనో వదిలితే వేడికి పైపొర ఉబ్బి ఊడివస్తుంది. కాలు జారకుండా పూసే మైనం కొనేటప్పుడు వేడినీళ్ళ రకం అడగాలి, చలిదేశపు మైనం మన ఎండకు కారిపోతుంది. పాత మైనం తీయాలంటే నాలుగు నిమిషాలు ఎండ చూపించి, చెల్లిపోయిన ఏటీఎం కార్డుతో గీకాలి. రెక్కల మరలు విప్పి కడగకపోతే తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ఇక తాడు. వేళ్ళతో ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమి చూడాలి. గాటున్నా, సాగి సన్నబడ్డా పారేయాలి, ముడివేసి వాడకూడదు.

కొలరాడోలో ఉన్న మా అక్కయ్య కొడుక్కు ఈ కథ చెబితే, వాడి మంచుపలక పురాణం విప్పాడు. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన కూతుళ్ళకోసం రెండు స్కీలు జోడించి కట్టాడట. మంచుకూ అలలాటకూ ముడిపెట్టి దానికి 'స్నర్ఫర్' అని పేరొచ్చింది. అంటే మన పలకకు తమ్ముడే. ఏప్రిల్ మంచు పొద్దున రాయిలా ఉండి, మధ్యాహ్నానికి పెరుగన్నమవుతుందట. ఋతువు ముగిశాక వాడు ఉక్కు అంచులు తడిలేకుండా తుడిచి, అడుగున మైనం దట్టంగా పూసి అలాగే వదిలేస్తాడు. మేము గీకేస్తాం, వాడు పూస్తాడు!

కొత్త తాడు కొన్నాం. ఇంటిఖర్చు పుస్తకంలో పాలు, పేపరు పద్దుల కిందనే దాన్నీ రాశాను. పలక పాత దుప్పటి చుట్టుకుని మంచం కింద పడుకుంది. సంక్రాంతి వెళ్ళేదాకా లేవదు.