అద్భుతకథకు తొలి చదువరులు

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని తెలుగువారి సామెత. పెండ్లివంట చేయువారు దీనిని మరువరు. కారము కోరువారు, పులుపు కోరువారు, పథ్యపు ముసలివారు, పసిపిల్లలు ఒకే పంక్తిలో కూర్చుందురని వారికి తెలియును. కథలు వ్రాయువారు మాత్రము తరచుగా ఈ సంగతిని మరచుచుందురు. వ్రాసినదానిని తమకు మిక్కిలి ఆప్తుడైన యొక్కనికి వినిపింతురు. అతడు మెచ్చినచో పొంగిపోవుదురు; పెదవి విరిచినచో క్రుంగిపోవుదురు. ఆ పొంగు వలనగాని, ఈ క్రుంగు వలనగాని కథకు మేలు కలుగదు. కథ అచ్చునకు పోవుటకు పూర్వము భిన్నరుచులు గల నలుగురైదుగురి చేతులలో పడవలెను. లోకములో లేని లోకమును నిర్మించు అద్భుతకథారచయితకు ఈ యవసరము తక్కిన వారందరికంటెను ఎక్కువ.

దానికి కారణము స్పష్టము. సాంఘిక కథలో రాజమహేంద్రవరమున బయలుదేరిన రైలు అరగంటలో విజయవాడ చేరెనని వ్రాసినచో చదివిన ప్రతివాడును నవ్వును. అక్కడ లోకమే రచయితకు పరీక్షాధికారి. అద్భుతకథలో అట్లు కాదు. అందు సృష్టికర్త రచయితయే. సూర్యచంద్రుల నడకకు శాసనము చేయువాడును అతడే. మాయాకంబళి సూర్యాస్తమయము తరువాత నదిని దాటజాలదని మూడవ ప్రకరణమున నియమము పెట్టి, పదునొకండవ ప్రకరణమున అర్ధరాత్రివేళ రాకుమారుని గోదావరి దాటించినచో, ఆ పొరపాటును చెప్పుటకు లోకములో సాక్షి లేడు. రచయితకు అది కనబడదు. కథ అంతయు అతని మనస్సులో నుండుటచే, కాగితముమీద లేనిదానిని కూడ ఉన్నట్లే చదువుకొనును. కాకిపిల్ల కాకికి ముద్దు. కాబట్టి ఆ లోకములోనికి బయటినుండి వచ్చి, దాని చట్టములను దానికే చూపి నిలదీయగల చదువరి కావలెను.

ఈ విషయమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీన్ గ్రంథముల చరిత్ర తెలిసికొనదగినది. అతడు ‘ది హాబిట్’ అను అద్భుతకథను మొదట తన పిల్లలకు వినిపించెను. మూడవ కుమారుడు క్రిస్టఫర్‌కు అప్పటికి నాలుగైదేండ్లు. కథానాయకుని వీధితలుపు మునుపు నీలమని చెప్పి ఇప్పుడు ఆకుపచ్చ యనుచున్నారేమని, ఒక పాత్ర తలముసుగునకున్న బంగారుకుచ్చు ఇప్పుడు వెండికుచ్చు ఎట్లయినదని ఆ పసివాడు తండ్రిని అడిగెను. తండ్రి విసుగుకొనెను, కాని లేచి పోయి ఆ సంగతిని వ్రాసికొనెను. అద్భుతకథకు తొలి చదువరి చేయవలసిన పని ఏమియో, రచయిత చేయవలసిన పని ఏమియో ఈ చిన్న సంఘటనలో నిమిడియున్నవి. లేని ఇంటి లేని తలుపునకు కూడ రంగు ఒక్కటే యుండవలెనని పట్టుపట్టువాడు చదువరి. విసుగు కలిగినను కలము పట్టి దిద్దుకొనువాడు రచయిత.

1936లో ఆ వ్రాతప్రతి స్టాన్లీ అన్విన్ అను ప్రకాశకునికడకు చేరెను. పిల్లల పుస్తకమునకు పిల్లలే తగిన న్యాయనిర్ణేతలని అతని నమ్మకము. పదేండ్ల తన కుమారుడు రేనర్‌కు దానిని చదువనిచ్చి, అభిప్రాయము వ్రాసినందుకు ఒక షిల్లింగు ముట్టజెప్పెను. బాలుడు మెచ్చుకొనుచునే, పటములున్నవి గనుక బొమ్మలక్కరలేదనియు, అయిదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు నచ్చుననియు తీర్పు చెప్పెను. గ్రంథము 1937లో వెలువడెను. ప్రకటింపవలెనన్న తీర్పు సరియైనది. బొమ్మల విషయమున తీర్పు పాటింపబడలేదు. రచయిత స్వయముగా వేసిన చిత్రములతోనే పుస్తకము వచ్చెను. ఇక వయస్సు విషయమున తీర్పు నిలువనేలేదు. పెద్దలును ఆ కథను ఎత్తిన పుస్తకము దింపక చదివిరి. ఒకే చదువరి మాటలలో ఒకటి గ్రాహ్యము, ఒకటి త్యాజ్యము కావచ్చునని దీనివలన తేలుచున్నది.

తరువాతి గ్రంథమైన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి ప్రకరణములను 1938లో రేనర్ చదివెను. టోల్కీన్ మిత్రుడును సాహిత్యపండితుడును అయిన సి. ఎస్. లూయిస్ కూడ చదివెను. ఒకడు బాలుడు, ఒకడు విద్వాంసుడు. ఇరువురును ఒక్క లోపమునే చెప్పిరి: పాత్రల ముచ్చట్లు మితిమీరినవి. ఆ ముచ్చట్లే తనకు మిక్కిలి ప్రీతికరములని తెలిసియు టోల్కీన్ వానికి కళ్లెము వేయవలెనని ఒప్పుకొనెను. ఒకే రుచి గల ఇరువురు ఒకే మాట చెప్పినచో అది వారి రుచి యని తోసివేయవచ్చును. భిన్నరుచులు గల ఇరువురు ఒకే చోట ఆగినచో అది కథలోని గొయ్యియే.

ఆ మిత్రగోష్ఠిలోనే మరియొక ముచ్చట యున్నది. హ్యూగో డైసన్ అను సభ్యునకు టోల్కీన్ కథ బొత్తిగా గిట్టలేదు. 1947 నాటికి అతడున్న సభలో ఆ కథ చదువరాదని నిషేధము కూడ విధించెను. లూయిస్ మాత్రము ఏండ్ల తరబడి వినుచు, ఇంకను వ్రాయుమని వెంటబడెను. అతని ప్రోత్సాహమే లేకున్న ఆ మహాగ్రంథమును ముగించియుండెడివాడను కానని టోల్కీనే చెప్పుకొనెను. అది 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. ఇంతటి లూయిస్ తన పిల్లల అద్భుతకథను వినిపించినప్పుడు టోల్కీన్‌కే అది నచ్చలేదు. వేర్వేరు పురాణముల ప్రాణులను ఒకచోట కలిపివేసినాడని ఆక్షేపించెను. లూయిస్ దానిని రోజర్ లాన్‌సిలిన్ గ్రీన్ అను మరియొక మిత్రునకు చదివి వినిపించెను. అతడు మెచ్చి ముందుకు నడిపించెను. 1950లో ‘ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్’ అను పేర వెలువడిన ఆ పుస్తకమును నేటికిని పిల్లలు చదువుచున్నారు. టోల్కీన్ అంతటి అద్భుతకథానిర్మాత కూడ మరియొక అద్భుతకథకు తగిన చదువరి కాలేకపోయెను. రెండవ చదువరి యుండవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇట్టి నిదర్శనమునకై సముద్రములు దాటనక్కరలేదు. గోదావరీతీరమందలి ప్రతిష్ఠానపురమును ఏలిన సాతవాహనరాజు చుట్టును అల్లుకొనిన బృహత్కథా వృత్తాంతము మన కథాసాహిత్యమునకే తొలి పుట. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరములో దీనిని చెప్పెను. గుణాఢ్యుడు అడవిలో ఏడేండ్లు శ్రమించి, పైశాచీభాషలో, సిరా లేక తన రక్తముతో, ఏడు లక్షల శ్లోకముల కథ వ్రాసెను. శిష్యులు దానిని రాజుకడకు కొనిపోయిరి. రాజు గ్రంథము పొడవు చూచెను, భాష చూచెను, రక్తాక్షరములు చూచెను, రోసి త్రోసివేసెను. గుణాఢ్యుడు అగ్నిని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు, పక్షులకు చదివి వినిపించుచు అగ్నిలో వేసెను. మృగములు మేత మాని, కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినెను. రాజు వచ్చి చేరునప్పటికి ఆరు లక్షలు బూడిదయైనవి. శిష్యులకు ప్రియమైన నరవాహనదత్తుని కథ యొక లక్ష మాత్రము మిగిలినది.

ఈ వృత్తాంతములో రాజు తప్పు కథ నచ్చలేదనుట కాదు. కథను చదువకయే తీర్పు చెప్పుట. గిట్టని చదువరి కథకు శత్రువు కాడు. చదువని చదువరియే శత్రువు. గుణాఢ్యునికిని ఒక పాఠమున్నది. ఒక్క రాజసభను తప్ప మరియొక శ్రోతను వెదకకుండుటచే, అడవిలోని శ్రోతలు దొరకునప్పటికి నిప్పు రాజుకొనియేయున్నది.

కావున అద్భుతకథ వ్రాయు విద్యార్థి ఎట్టి చదువరులను వెదకుకొనవలెను? అద్భుతకథలలో మునిగి తేలినవాడొకడు కావలెను. మాంత్రికుని ప్రాణము చిలుకలో దాచినచో, ఇది బాలనాగమ్మ కథలోని మాయలఫకీరు చిలుకయే కదా యని అతడు వెంటనే పట్టుకొనును. అద్భుతములనిన ఆమడదూరము పోవువాడొకడు కావలెను. అతడు మంత్రములను చూచి మురియడు గనుక, మంత్రముల వెనుకనున్న మనుష్యుల సుఖదుఃఖములు నిజముగా నున్నవో లేవో చెప్పును. లెక్కలయందు ఆసక్తి గలవాడొకడు కావలెను. రాకుమారుడు నడచిన దినములు, దాటిన యోజనములు సరిపోయినవో లేవో అతడు లెక్కించును. అపరాధపరిశోధక నవలలు మాత్రమే చదువు స్నేహితుడు పదియవ పుటలోనే రహస్యమును ఊహించినచో ఆ రహస్యము రహస్యము కాదని తెలియును. పదేండ్ల బాలికకు మొగమాటము లేదు. విసుగు పుట్టినచో ఆవులించును. ఇంటిలోని నాయనమ్మకు చదివి వినిపింపవలెను. ఊపిరి చాలని వాక్యములు అప్పుడు బయటపడును. కొడుకు ఏడేండ్లు కనబడకున్నను తల్లి వెదకలేదేమని ఆమె అడుగు ప్రశ్న మరెవరికిని తోచదు. మధిర సుబ్బన్నదీక్షితులవారు కాశీమజిలీకథలలో యతివెంట నడచు గొల్లపిల్లవానిని ఊరక పెట్టలేదు. ప్రతి మజిలీలోను వింతను చూచి, దాని కథ యేమియని అడుగు శ్రోత కథలోపలనే యున్నాడు.

వీరు దొరకుట కష్టము కాదు. గ్రంథాలయములో ఎవరు ఏ పుస్తకము తీసికొనిపోవుచున్నారో గమనించినచో రుచులు తెలియును. ఒకరి కథ చదివినందుకు బదులుగా వారి వ్రాతను చదువుట మర్యాద. అయితే అందరికిని ఒకేసారి ఇయ్యరాదు. ఏ చదువరియైనను ఒక కథను మొదటిసారి ఒక్కసారియే చదువగలడు. ఆ తొలిచూపు మరల రాదు. మొదటి ప్రతిని ఇరువురికిచ్చి, దిద్దిన ప్రతిని తక్కినవారికై దాచుకొనుట వివేకము.

అడుగు విధము కూడ తెలియవలెను. బాగున్నదా యని అడిగినచో బాగున్నదనియే జవాబు వచ్చును. అది మర్యాదయే గాని విమర్శ కాదు. కథను ముందుగా వివరింపరాదు. ఎక్కడ చదువుట ఆపి ప్రక్కకు చూచితివి, ఎక్కడ నమ్మలేకపోతివి, ఎవరి పేరు మరచి వెనుకకు పోయి చూచుకొంటివి అని అడుగవలెను. అట్టిచోట్ల పెన్సిలుతో గీత గీయుమని కోరవలెను. రెండు దినముల తరువాత కథను వారినోటనే చెప్పించుకొనవలెను. వారు మరచిన ఘట్టము కథకు అక్కరలేనిదై యుండును. లేదా సరిగా వ్రాయబడనిదై యుండును. వారు చెప్పుచుండగా రచయిత అడ్డుపడి సమర్థించుకొనరాదు. అచ్చయిన కథ వెంట రచయిత ఇంటింటికి పోయి వివరింపజాలడు గదా!

ఇక చెప్పినదంతయు చేయవలెనా? అక్కరలేదు. నొప్పి యెక్కడనో రోగి చెప్పును; మందేదో వైద్యుడు తేల్చును. చదువరి ఆగిన చోటు నిజము. అతడు సూచించిన సవరణ నిజము కాకపోవచ్చును. ముగ్గురు మూడు కారణములు చెప్పి ఒకే పుటలో ఆగినచో, ఆ మూడు కారణములును తప్పైనను పుట దిద్దవలసినదే. ఒక్కనికి మాత్రమే గిట్టనిచో అది రుచిభేదమా, లోపమా యని ఆలోచింపవలెను. అందరి మాటను వినుచు, అందరిని మెప్పింపబూని, ఉప్పు కారములు తీసివేసిన కథ ఎవరి నాలుకకును తగులదు.

ఉపాధ్యాయులకు ఇందు పెద్ద బాధ్యత యున్నది. పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలిక రెక్కల గుఱ్ఱముల కథ వ్రాసి తెచ్చినప్పుడు ఆమెకు ఉపాధ్యాయుడే తొలి చదువరి, తరచుగా కడపటి చదువరి కూడ. ఇట్టివి పరీక్షలో వచ్చునా యన్న ఒక్క మాటతో ఆ నోటుపుస్తకము అటుకెక్కును, మరల దిగదు. ఉపాధ్యాయునకు అద్భుతకథలు నచ్చకపోవుట దోషము కాదు. నచ్చకున్నను తుదివరకు చదువుట, చదివి ఒక్క సందేహమైనను స్పష్టముగా అడుగుట, ఈ కథను ఫలానా అమ్మాయికి చూపుము, ఆమె రుచి వేరు అని మరియొక చదువరిని చూపించుట అతని ధర్మము. వారమునకొక గంట తరగతిలో ఒకరి కథను వేరొకరు చదువునట్లు చేసినచో దానికి వ్యయము లేదు; కావలసినది ఓపిక మాత్రమే. ఆ గంటలో వ్రాయువారు సిద్ధమగుదురో లేదో గాని, తమకు గిట్టనిదానిని కూడ న్యాయముగా చదువగల చదువరులు తప్పక సిద్ధమగుదురు. భాషకు వారి యవసరము రచయితల యవసరమునకు తీసిపోదు.