చెక్కిళ్ళకు రాసిన రూజ్ చారలుగా నిలుస్తోందా?

ప్రశ్న: వచ్చే నెలలో మా చెల్లెలి పెళ్ళి. పార్లర్‌కి వెళ్ళే వీలు లేదు, ఇంట్లో నేనే అలంకరించాలి. బుగ్గలకు క్రీమ్ రూజ్ కొన్నాము. రాస్తే ఒకచోట ముద్దగా, ఒకచోట పలుచగా చారలు కడుతోంది. ఎంత రుద్దినా కలవడం లేదు. తనది చామనఛాయ. రంగు వస్తుందని మందుల షాపులో ఇచ్చిన ట్యూబు ఆరు నెలలుగా రాత్రిపూట రాసుకుంటోంది. ఈ మధ్య ఎండలోకి వెళితే బుగ్గలు మండుతున్నాయంటోంది. రూజ్ నున్నగా పట్టే ఉపాయం చెప్పగలరు.
– ఒక సోదరి, లింగాల ఘనపూర్

జవాబు: అమ్మా, రూజ్ సంగతి తప్పక చెబుతాను. కాని మీరు ఉత్తరం చివర రెండు మూడు వాక్యాల్లో తేల్చేసిన విషయం అంతకంటె పెద్దది. ముందు దాని గురించి చెప్పనివ్వండి.

ఆ ట్యూబు మీద సన్నని అక్షరాలతో మందు పేరు ఉంటుంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ – వీటిలో ఏదైనా కనిపిస్తే అది స్టెరాయిడ్. గజ్జి, తామర, ఎగ్జిమా అన్న తేడా లేకుండా ఊళ్ళలో అన్నిటికీ దీన్నే ఇస్తున్నారు. ముఖానికి రాయగానే మొదటి వారాల్లో చర్మం తెల్లగా, నునుపుగా కనబడుతుంది. అందుకే మోజు పెరుగుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలుచబడుతుంది, లోపలి సన్నని రక్తనాళాలు పైకి ఎర్రగా తేలతాయి, మొటిమలు వస్తాయి, కొందరికి పెదవిపైనా గడ్డంపైనా నూగు పెరుగుతుంది. ఎండ తగిలితే మంట. మీ చెల్లెలి బాధ ఈ కోవలోదే కావచ్చు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. అయినా అమ్మకం ఆగలేదన్నది అందరికీ తెలిసిందే.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ముఖం కందిపోయి, మంట రెట్టింపవుతుంది. భయపడి మళ్ళీ అదే ట్యూబు రాస్తారు. వదలని వ్యసనంలా తయారవుతుంది. కాబట్టి ఆ ట్యూబును చేతిలో పట్టుకుని ఈ వారంలోనే చర్మవైద్యుణ్ణి చూడండి. దగ్గరలో లేకపోతే వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఎలా తగ్గించాలో, బదులుగా ఏమి రాయాలో వారు చెబుతారు. నెల రోజుల్లో పూర్తిగా బాగవుతుందని ఆశ పెట్టుకోకండి, ఒక్కొక్కప్పుడు చాలా నెలలు పడుతుంది. పెళ్ళివారికి ఏమని చెప్పాలన్న బెంగ వద్దు. ఎండకు కందిన ముఖం ఎవరికీ కొత్త కాదు.

పేరూ ఊరూ లేని 'తెల్లబడే క్రీములు' అంతకన్నా ప్రమాదం. కొన్నిటిలో పాదరసం ఉంటుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు 2023లో అక్కడి వైద్యులు గుర్తించారు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బాను ఇంట్లోకి రానివ్వకండి.

ఇక రూజ్. ఇప్పుడు బ్లష్ అంటున్నారు గాని సరుకు పాతదే: నూనె, మైనం, రంగు. చారలు కట్టడానికి ముఖ్య కారణం మీరు ముందు పౌడరు అద్ది, దానిమీద క్రీమ్ రాయడమే అయివుంటుంది. పౌడరు నూనెను పీల్చేసుకుంటుంది, రంగు అక్కడికక్కడే పట్టుకుపోతుంది. ఆ తరువాత ఎంత రుద్దినా అడుగున ఉన్న పౌడరు లేచివస్తుందే తప్ప రంగు కలవదు. కనుక ముందు క్రీమ్, ఆ తరువాతే పౌడరు. ఈ ఒక్క వరుస మార్చి చూడండి, సగం బాధ తీరుతుంది.

ముఖం కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పలుచగా మాయిశ్చరైజర్ రాసి అయిదు నిమిషాలు ఆగండి. చర్మం పొడిబారి పొట్టు లేస్తూ ఉంటే రంగు ఆ పొట్టుకు అతుక్కుని మచ్చలు కడుతుంది. ఫౌండేషన్ వేసేటట్లయితే ఇప్పుడే వేయాలి. తరువాత పెసరగింజంత రూజ్ తీసి ఎడమచేతి వెనుకవైపు పెట్టి, ఉంగరపు వేలితో నాలుగుసార్లు మెదపండి. వంటి వేడికి మైనం మెత్తబడుతుంది. అద్దంలో సూటిగా చూస్తూ, కనుపాపకు నేరుగా కిందనుంచి చెవివైపు, బుగ్గ ఎముక మీదుగా మూడు చుక్కలు పెట్టండి. ముక్కుకు మరీ దగ్గరగా వద్దు, జలుబు చేసినట్టు కనబడుతుంది. ఇప్పుడు రుద్దకుండా, వేలికొనతో తట్టుతూ పైకి, బయటికి పోనివ్వండి. అంచులను మాత్రం రంగు అంటని వేరే వేలితోగాని, నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన స్పాంజితోగాని తట్టండి. అంచు ఎక్కడ ముగిసిందో కనబడకూడదు. ఎక్కువైతే తుడవకండి, స్పాంజికి మిగిలిన ఫౌండేషన్‌తోనే పైన అద్దండి. చివర పౌడరు చాలా కొద్దిగా.

చామనఛాయకు లేతగులాబీ రంగు బూడిద చల్లినట్టుంటుంది. ఇటుక ఎరుపు, రేగుపండు రంగు, ముదురు గులాబీ బాగా నప్పుతాయి. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసుకోండి. రంగస్థలం కొలత వేరు. మీ జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది కదా. అటువంటి ఆటలో ఆఖరి వరుసవారికి కూడా ముఖం కనబడాలి, రంగు దట్టంగా వేస్తారు. పెళ్ళిపీటల మీద చుట్టాలు అడుగు దూరంలో కూర్చుంటారు!

మీ చెల్లెలి విషయంలో మాత్రం, డాక్టరు సరేనన్న తరువాతే రూజ్ తాకించండి. అనుమతి వస్తే ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. దురద, దద్దురు లేకపోతేనే ముఖానికి. పెళ్ళినాడు డబ్బాలో అందరూ వేళ్ళు ముంచకుండా శుభ్రమైన పుల్లతో ఒక్కొక్కరికి వేరుగా తీసి ఇవ్వండి. ఎవరికైనా పెదవిమీద జ్వరపు పొక్కులుంటే వారికి ఆ స్పాంజి ఇవ్వవద్దు. రాత్రి ఎంత అలసినా కడిగే పడుకోవాలి.

ప్రశ్న: కుంకుమలో వెన్న కలిపి బుగ్గలకు రాయవచ్చా? మా అమ్మమ్మ అలాగే రాసేదట.
– మరొక పాఠకురాలు

జవాబు: పసుపుతో ఇంట్లో చేసుకున్న కుంకుమలో కూడా సున్నమో మరో క్షారమో ఉంటుంది, బుగ్గల చర్మం ఓర్చుకోకపోవచ్చు. బజారు కుంకుమలో ఎక్కువగా కృత్రిమ రంగులు ఉంటాయి. నుదుటిమీద దురద, నల్లమచ్చ వచ్చినవారెందరో. సిందూరమైతే సీసం కలిసినది కావచ్చు. వెనుకటి నాటకాలవారు ముఖానికి పూసుకున్న అరిదళంలో ఉన్నది పాషాణమే. సీసం, పాషాణం కలిసిన రంగులను సౌందర్య సాధనాల్లో వాడరాదని మన చట్టం. రాయకండి.

ఏమీ రాయకపోయినా రెండు బుగ్గలూ, ముక్కు దూలమూ కలిపి సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రబడి, దానితోపాటు కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిపూత, జుట్టు ఊడటం ఉంటే అది లూపస్ అనే జబ్బు కావచ్చు. పౌడరుతో కప్పకుండా వెంటనే రక్తం, మూత్రం పరీక్ష చేయించండి.