"నెట్‌వర్క్ బానే ఉంది, గ్రాఫ్ చూస్కోండి"

మన పరిశ్రమలో నాకు ఒళ్ళు మండించే మాటలు చాలానే ఉన్నాయి గానీ, వాటన్నిటికీ పెద్దన్న ఇదిగో, పైన శీర్షికలో పెట్టినది.

అసలా గ్రాఫ్ ఏం చూపిస్తుందండీ? 1995లో ఎమ్మార్టీజీ వచ్చిన దగ్గర్నుంచీ ఐదు నిమిషాలకోసారి కౌంటర్ చదివి సగటు గీయడం మనకి అలవాటైపోయింది. డాష్‌బోర్డులకి రంగులు మారాయి, చాలాచోట్ల ఆ ఐదు నిమిషాలు మాత్రం మారలేదు. గిగాబిట్ లింకు 30 సెకన్లు పీకలదాకా నిండి, మిగతా 270 సెకన్లు ఖాళీగా ఉందనుకోండి. గ్రాఫ్ చెప్పేది పది శాతం! ఇంకా 32 బిట్ల కౌంటర్లే చదివే మహానుభావులున్నారు. నిండుగా నడిచే గిగాబిట్ లింకు మీద అది 34 సెకన్లకే తిరిగి సున్నాకొస్తుంది. ఇక ఆ గీత ఊహాచిత్రమే.

మా టీంలో ఒక కొత్త కుర్రాడు రాసిన సర్వీసు, రాత్రి బ్యాచ్ మొదలవగానే టైమౌట్లు కొట్టేది. క్లయింటు నెట్‌వర్క్ టీము గ్రాఫ్ పంపింది, 12 శాతం అని. ఇంకేముంది, తప్పు కోడుదే. పాపం మూడు శనాదివారాలు కూర్చుని కనెక్షన్ పూలంతా తిరగరాశాడు. "ఇంకా శ్రద్ధగా రాయాలి" అని రివ్యూలో రాసిన పెద్దమనిషిని నేనే.

నాలుగో వారం చిరాకేసి, బ్యాచ్ నడుస్తుండగా ఆ లినక్స్ సర్వర్లో 'ఐపీ మైనస్ ఎస్ లింక్' కొట్టాను. పది సెకన్లాగి మళ్ళీ కొట్టాను. ఆర్ఎక్స్ వరసలో 'మిస్డ్' అంకె పరిగెడుతోంది. అంటే ప్యాకెట్లు కార్డు దాకా వచ్చి, బఫర్లో చోటు లేక పోతున్నాయన్నమాట. 'ఈథ్‌టూల్'తో చూస్తే రింగు 256 దగ్గరుంది, కార్డేమో 4096 దాకా ఇస్తుంది. పెంచాం. టైమౌట్లు ఆగిపోయాయి. (పక్కనుండే 'డ్రాప్డ్' చూసి కంగారుపడకండి, కెర్నెల్‌కి తెలియని ప్రోటోకాల్ వచ్చినా అది పెరుగుతుంది. ప్రోక్‌లోని నెట్ డెవ్ ఫైల్లో ఈ రెండూ కలిపేసి ఒకటే అంకె ఇస్తారు, అందుకే నాకది నచ్చదు.)

సెకనుకోసారి కొలిస్తే డిస్కు నిండిపోతుందట! ఒక కౌంటర్‌కి 8 బైట్లు, రోజుకి 86,400 సెకన్లు. ఏడు లక్షల బైట్లు కూడా కాదు. మీ ఫోన్లో గుడ్ మార్నింగ్ వీడియో ఇంతకంటే పెద్దది.

కుర్రాడి ప్రొబేషన్ అప్పటికే ఇంకో మూణ్ణెల్లు పొడిగించేశారు. తప్పు మాదని హెచ్చార్‌కి మెయిలు పెట్టి రెండు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు. గ్రాఫ్ పంపినాయన మాత్రం నిన్న ఇంకో టికెట్లో మళ్ళీ అదే గ్రాఫ్ అంటించాడు.