లాడ్‌బజార్‌కు ఎగుమతి బడి కావాలి

లాడ్‌బజార్, పత్తర్‌గట్టి దుకాణదారులకు, కార్ఖానాల యజమానులకు, ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్ళు పొదిగే అక్కాచెల్లెళ్ళకు విన్నపం.

మన లక్క గాజులు దేశం దాటడం లేదని ఎవరూ అనలేరు. జెద్దాలో, దుబాయ్‌లో, చికాగో డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ పెళ్ళి జరిగితే చార్మినార్ పక్కన కొన్న గాజుల జత అక్కడ ఉండాల్సిందే. ఎలా చేరుతోంది? సెలవుకొచ్చిన చుట్టాల సూట్‌కేసులో. లేదంటే వేరే ఊరి వ్యాపారి టోకున కొని, తన పేరున బిల్లు రాసి పంపుతాడు. కొన్నదెవరో, ఎంతకు కొన్నారో ఆయనకు తెలుసు. మనకు తెలిసేది ఆయన చేతిలో పెట్టిన ధర ఒక్కటే.

పాతబస్తీకి పరదేశ వ్యాపారం కొత్త కాదు. సముద్రం లేని ఊరు ముత్యాల ఊరైంది. గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వస్తే ఇక్కడ ఏరి, రంధ్రం వేసి, దండ కట్టేవారు. 1893లో జపాన్‌లో మికిమోతో కొకిచి ముత్యాన్ని సాగు చేసి చూపించాడు. 1930లకల్లా గల్ఫ్ ముత్యాల వేట కుప్పకూలింది. పత్తర్‌గట్టి ముత్యాల బజారు మాత్రం మూతపడలేదు, చైనా మంచినీటి ముత్యాలను తెప్పించుకుంది. ప్రపంచం నుంచి కొనే విద్య మనకు బాగా వచ్చు. అమ్మే విద్య దగ్గరే ఆగిపోయాం.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ సంఘం పేరున నమోదైతే పని అయిపోదు. గాజు చేసే ప్రతి ఒక్కరూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. 2020లో ఆ నమోదు రుసుమును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. ఆ సంగతి ఎన్ని గల్లీలకు చేరింది? పైగా ఆ గుర్తింపు మన దేశంలోనే చెల్లుతుంది. బయట రక్షణ కావాలంటే అక్కడి చట్టం ప్రకారం మళ్ళీ అడగాలి.

ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) నంబరు తీసుకోవడం తేలిక: విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) పోర్టల్‌లో దరఖాస్తు, 500 రూపాయలు. చిక్కులన్నీ ఆ తర్వాతే. ధర చెప్పడమే చూడండి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చు మనది. సీఐఎఫ్ అంటే అవతలి రేవుదాకా రవాణా, బీమా కూడా మనవే. రెండింటికీ ఒకే ధర చెప్పినవాడు మొదటి ఆర్డరులోనే మునిగి, విదేశీ వ్యాపారమంతా మోసమంటాడు. ఉద్దెర ఇక్కడైతే సాయంత్రం వెళ్ళి వసూలు చేసుకుంటాం. మెల్‌బోర్న్ సేటు తలుపు ఎవరు తడతారు? అందుకే ఎల్‌సీ, అంటే డబ్బుకు కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, ఉంది. కొన్నవాడు ఎగ్గొడితే ఆదుకునే బీమాకు 1957 నుంచీ ఈసీజీసీ ఉంది.

డబ్బుకు భరోసా దొరికినా సరుకుకూ నియమాలుంటాయి. యూరప్‌లో ఆభరణంలోని ఏ భాగంలోనూ సీసం బరువులో 0.05 శాతానికి చేరకూడదు. కొన్ని రకాల క్రిస్టల్ రాళ్ళకు మినహాయింపు ఉంది. మన గాజు మీది రాయి ఆ రకమేనా, రంగులో సీసం ఎంత? సరుకు తిరిగొచ్చాక తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.

ఇక అమెరికా. 2025 ఆగస్టు 29న అది 800 డాలర్ల లోపు పార్సిళ్ళకున్న సుంకం మినహాయింపును ఎత్తేసింది. నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల పార్సిళ్ళ బుకింగ్ ఆపింది. అక్టోబర్ 15న గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఆ ఒక్క దేశాన్నే నమ్ముకున్న చిన్న అమ్మకందారు ఆ ఏడు వారాలు ఏం తినాలి? మరోవైపు 2022 మే 1 నుంచి యూఏఈ ఒప్పందంతో మన ఆభరణాల మీద అక్కడి 5 శాతం సుంకం పోయింది. అయితే సరుకు ఇక్కడిదేనన్న ధ్రువపత్రం జతచేస్తేనే.

ఇవి నేర్పేవారు లేరా అంటే, ఉన్నారు. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమలకు శిక్షణనిచ్చే ని-ఎంఎస్‌ఎంఈ ఉంది, గచ్చిబౌలిలో బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ ఉంది, 2022లో కాకినాడలో విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీ కూడా తెరిచారు. మూసీకి ఈవలున్న పాతబస్తీకి మాత్రం ఎవరూ రాలేదు.

ప్రభుత్వాన్ని మేం అడిగేది సిటీ కాలేజీలో ఒక గది. ఉర్దూ, తెలుగు భాషల్లో ఆరు నెలల తరగతి, అదీ పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. పనిచేసేవాళ్ళకంటే సాయంత్రపు బడి పెట్టడం అధికారులకు అలవాటు. లాడ్‌బజార్‌కు సాయంత్రమే అసలు గిరాకీ. రంజాన్ నెల సెలవివ్వాలి, ఆ నెలలో రమ్మంటే నవ్వుతారు. ప్రొఫెసర్లతోపాటు కస్టమ్స్ ఏజెంటు, బ్యాంకు ఫారెక్స్ గుమాస్తా వచ్చి పాఠం చెప్పాలి. కాగితం మీద పరీక్ష వద్దు. ప్రతి విద్యార్థీ తపాలా శాఖ ఎగుమతి కేంద్రమైన డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా నిజంగా ఒక పార్సిల్ పంపాలి. డబ్బు ఖాతాలో పడ్డాకే సర్టిఫికెట్.

సగం సీట్లు రాళ్ళు పొదిగే ఆడవాళ్ళవి. కారీగర్లకు ఎగుమతి పాఠమెందుకని కొందరు సేట్లు గొణుగుతారు. అసలు ధర తెలిస్తే కూలి పెంచమంటారని భయం. అడగనివ్వండి.

ఈ కాగితం వెనుక మీ పేరు, మీ సరుకు, దాన్ని ఏ దేశంలో అమ్మాలనుకుంటున్నారో రాసి మీ బజారు సంఘంలో ఇవ్వండి. ఆ కాగితాలన్నీ పరిశ్రమల శాఖకు అందజేస్తాం. మొదటి తరగతి పాఠాలు ఆ జాబితా చూసే రాయించాలి.