ఎన్నాళ్ల నుంచి దగ్గు?

నెలగంట పెట్టాక విజయవాడ వన్ టౌన్ కొండమీది ఇళ్లలో ఎవరు దగ్గినా కారణం ఒక్కటే... మంచు! అది విన్న ఆశా కార్యకర్త అడిగేదీ ఒక్కటే: 'ఎన్నాళ్ల నుంచి?'

రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాల్సిందే. క్షయ కావచ్చు. చిక్కల్లా, చలికాలంలో దగ్గు రోజులు ఎవరు లెక్కపెడతారు?

'దీక్ష విరమణకి భవానీలొచ్చారే, అప్పట్నుంచి' అందొకావిడ. కార్యకర్త వేళ్ల మీద లెక్కేసింది. మూడు వారాలు! చిన్న డబ్బా చేతిలో పెట్టి, 'పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి పట్టండి. ఉమ్మి కాదు సుమండీ' అంది.

ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. 'ఇంటిగలాయనకి తెలిస్తే ఖాళీ చేయమంటాడమ్మా.'

మందులు ఉచితమనీ, మామూలుగా ఆరు నెలలు వాడాలనీ, తిండి కోసం నెలకి ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి వెయ్యి అయ్యాయనీ కార్యకర్తకి కంఠతా వచ్చు. అద్దె ఇంటి భయానికే జవాబు లేదు. గొంతు తగ్గించి, 'డబ్బా నేనే తీసుకెళ్తాను' అంది.

అంటే మర్నాడు మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కాలి. మోకాళ్లు ఒప్పుకోవు. అయినా ఎక్కింది.

డబ్బా గూట్లో ఉంది. పాత పేపరు చుట్టి, పైన ముగ్గు గిన్నె బోర్లించి.