చెవి మిషన్లు ఎన్ని పంచారో కాదు, ఎన్ని చెవుల్లో ఉన్నాయో చెప్పండి

మన ఏజెన్సీలో ఉపకరణాల పంపిణీ క్యాంపు ఎలా జరుగుతుందో మీరు చూసే ఉంటారు. షామియానా, మైకు, ఫ్లెక్సీ, ముసలోళ్ల చెవికి మిషన్ తగిలించి ఒక ఫొటో. సాయంత్రానికి లెక్క తేలిపోతుంది: ఇన్ని వినికిడి యంత్రాలు, ఇంతమంది లబ్ధిదారులు. ఏడాది పోయాక అవే గూడేలకు వెళ్లి చూడండి. కొన్ని మిషన్లు చెవుల్లో ఉంటాయి, నిజమే. మిగతావి డబ్బాల్లోనే, ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు పక్కన భద్రంగా ఉంటాయి. "వీళ్లకు వాడుకోవడం చేతకాదండీ" అని సార్లు తేల్చేస్తారు. మన పేచీ ఆ మాటతోనే.

చెవి వెనక పెట్టుకునే మిషన్‌కి బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది. దాని మీది స్టిక్కర్ పీకగానే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది. ఆ తర్వాత మిషన్ వాడినా వాడకపోయినా మెల్లగా అయిపోతూనే ఉంటుంది. రోజూ వాడితే వారం, మహా అయితే రెండు వారాలు. ఇచ్చిన నాలుగు బ్యాటరీలూ అయిపోయాక ఎక్కడ కొనాలి? సంతలో ఉప్పు దొరుకుతుంది, పెన్సిల్ సెల్ దొరుకుతుంది, ఇది మాత్రం దొరకదు. పట్నం పోయి రావాలంటే ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ పోతాయి. పాతకాలం జేబు మిషన్‌ను చూసి అందరూ నవ్వుతారు గానీ, అది పెన్సిల్ సెల్‌తో నడుస్తుంది. చొక్కాకి రాసుకుని గరగరమంటుంది, ఒప్పుకుంటాను. అయినా ఆగిపోయిన మంచి మిషన్ కంటే నడిచే నాసి మిషన్ మేలు కాదా? ఏది కావాలో వాడేవాళ్లను అడిగిన క్యాంపు ఎక్కడైనా ఉందా?

బిళ్ల చెవికి సరిగ్గా అతకకపోతే కీచుమంటుంది. చెవి కారుతున్న పిల్లాడికి ముందు వైద్యం చేయాలి. చీము ఉన్న చెవిలో బిళ్ల దూర్చితే జబ్బు ముదురుతుంది.

ఇంకొకటి, భాష. వినికిడి పరీక్షలో కూత వినపడగానే చెయ్యెత్తమంటారు. ఆ చెప్పడం తెలుగులో చెబుతారు. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలోనూ తెలుగు మాటలే. కువి, కోయ, సవర, గోండి మాట్లాడే అవ్వ తప్పు చెబితే అది చెవి లోపమా, తెలియని భాష వల్లా? ఆ కాగితం మీదే కదా వైకల్య శాతం వేసేది. ఆడిప్ పథకంలో మిషన్ రావాలంటే 40 శాతం ఉండాలి.

మరి ప్రయోజనాన్ని కొలిచేది ఎలా? ఈ వైద్యంలో ప్రపంచమంతా వాడే చిన్న ప్రశ్నావళి ఒకటి ఉంది, ఏడే ప్రశ్నలు. గత రెండు వారాల్లో రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారు? మీరు బాగా వినాలనుకున్న చోట ఎంత సాయపడింది? చివరికి, బతుకులో ఆనందం ఎంత మారింది? గూడెంలో ఒక పూటలో అడిగేయొచ్చు. రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. మన అవ్వాతాతలకు ఆ "చోటు" టీవీ ముందు కాదు. సంతలో చింతపండు తూకం చెప్పే షావుకారు ముందు, రాత్రి పొడు చేను కావలిలో, మనవరాలి దగ్గర.

గ్రామసభలో కూడా. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా తీసుకోవాలని ఉంది. ఏ చేను ఎవరు ఎప్పటినుంచి దున్నుతున్నారో ఎరిగినవాళ్లు వాళ్లే. సర్వే సారు అడిగింది తాతకు వినపడదు. పక్కనున్న కొడుకు తనకు తోచింది చెబుతాడు. కాగితంలో అదే ఎక్కుతుంది. తాతకు పుట్టుకతో తెలిసిన వాగు పేరు, దిబ్బ పేరు అక్కడితో పోతాయి. చెవి మిషన్ మనకు భూమి సంగతి కూడా అని నేననేది అందుకే.

2017లో నెల్లూరులో మొదలైన వయోశ్రీ పథకంలో పేద వృద్ధులకిచ్చే వాటిలో వినికిడి యంత్రాలూ ఉన్నాయి. ఏడాది పాటు ఉచిత మరమ్మతు ఉంటుందన్నారు. ఆ మరమ్మతు ఎక్కడ, ఏ మండలంలో? ఐటీడీఏలు సమాధానం చెప్పాలి. బ్యాటరీలు ఆశా కార్యకర్త దగ్గరో గిరిజన సహకార సంస్థ డిపోలోనో ఉంచడం పెద్ద పనేం కాదు. పరీక్షకి మన భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టడమూ అంతే.

1996 పీసా చట్టం ప్రకారం పథకాల లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభది. క్యాంపు జాబితా గ్రామసభకు రాకుండా తయారైతే అడ్డుకోండి. ఈలోగా మీ గూడెంలో మిషన్ తీసుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి డబ్బాలు తెరిపించండి. ఆగిపోయి ఉంటే ఏ నెలలో ఆగిందో, ఎందుకు ఆగిందో వాళ్ల మాటల్లోనే రాసుకుని వచ్చే గ్రామసభలో చదవండి, గట్టిగా, వినపడనివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి.